ఎగువ కాలేయము, దిగువ హృదయము

అరచేతిలో నిముడు పలకపై మానవావయవముల కణములను పెంచి, వానిని సన్నని కాలువలతో కలిపి, మందు ఒక దానినుండి మరియొక దానికి ప్రవహించునప్పుడు ఏమగునో చూచు విద్య యొకటి ప్రయోగశాలలలో పెరుగుచున్నది. తుంగభద్ర కాలువల నడుమ బ్రతుకు బళ్లారివానికి ఆ విద్య అంత అపరిచితముగా తోపదు.

తుంగభద్ర ఆనకట్ట కుడివైపునుండి బయలుదేరు ఎగువ కాలువయు దిగువ కాలువయు బళ్లారి సీమ నడుమగా సాగి, మొదటిది అనంతపురపు మెట్టలకును, రెండవది ఆదోని ప్రాంతము మీదుగా కర్నూలు పొలములకును నీరందించును. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకును, బళ్లారితో కూడిన తక్కిన తాలూకాలు మైసూరునకును చేరినవి. పటముపై గీత పడినది గాని, నీరు ఆ గీతను నేటికిని ఎరుగదు.

ఈ సీమలో పుట్టి పెరిగినవానికి బడికి పోకయే తెలియు సంగతి యొకటి కలదు. లస్కరు ఎగువనొక తూము తలుపును రెండు చుట్టులు అధికముగా త్రిప్పినచో ఆ తూము కడ అంతయు క్షేమముగనే యుండును. గట్టు తెగదు, ఎవరును కేకవేయరు. దాని ఫలితము దినములు గడచిన పిదప, ఎక్కడో దూరమున, చివరి ఆయకట్టు రైతు మడిలో నెర్రెలుగా కనబడును. 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి ఆనకట్టకున్న 33 గేట్లలో 19వ దాని గొలుసు తెగి గేటు కొట్టుకొనిపోయినప్పుడు, తక్కిన 32 గేట్లును నిలిచియే యున్నను, దిగువనున్న ఆయకట్టంతయు కలతపడినది.

మనము మ్రింగు మందును ఇట్టి కాలువలలోనే పడుచున్నది. ప్రేవుల గోడలు దానిని పీల్చుకొని నేరుగా కాలేయమునకు పంపును. కాలేయము దానిని కొంత విరిచి, కొంత మార్చి, మిగిలినదానిని రక్తములో విడుచును. హృదయము ఆ రక్తమును నిమిషమునకు సుమారు 5 లీటర్ల చొప్పున దేహమంతటికిని త్రోయును. అందు అయిదవ వంతును మూత్రపిండములు తమవైపు త్రిప్పుకొని వడపోయును. మందు పనిచేయు చోటొకటి, రూపుమారు చోటొకటి, కీడుచేయు చోటింకొకటి, వెడలిపోవు చోటు వేరొకటి. ఇన్ని చోట్ల సంగతిని ఏ ఒక్క అవయవమును అడిగి తెలిసికొనుట సాధ్యము కాదు. తూము కడ నిలిచి చివరి ఆయకట్టును గూర్చి చెప్పబూనుట వంటిది అది.

మూటలోని మాత్రలు

కొన్ని సంవత్సరముల క్రిందట మా పెద్దమ్మను వైద్యునికడకు తీసికొనిపోయితిని. డెబ్బది దాటిన మనిషి. కాళ్లు వాచినవి, అన్నము సహింపదు, మూత్రము తగ్గినది. రక్తపుపోటునకు ఒక మాత్రయు, ఒంటినీరు తీయుటకు ఒక మాత్రయు ఆమె ఏండ్ల తరబడి వాడుచుండెను. యువకుడైన ఆ వైద్యుడు చీటీలన్నియు చూచి, కన్నడము కలిసిన తెనుగున అడిగెను: "అమ్మా, ఇవి కాకుండా ఇంకేమన్నా మింగుతా ఉన్నారా?"

"మందులంటే ఇవేనప్పా," అన్నది పెద్దమ్మ. "మోకాళ్లకని అంగట్లో మాత్రలిస్తారే, అవి దినామూ రెండు మింగుతా. అవి నొప్పి మాత్రలు, మందులు కాదు గదా!"

వైద్యుడు నవ్వలేదు. కొంగుముడినుండి ఆమె తీసిన ఆ మాత్రల అట్టను చూచి, కాగితము వెనుకవైపున ఒక బొమ్మ గీసి నాకు చూపించెను. మూత్రపిండములో నెత్తురును వడపోయు జల్లెడలు లక్షల సంఖ్యలో ఉండును. ప్రతి జల్లెడకును నెత్తురు వచ్చు తూమొకటి, పోవు తూమొకటి కలవు. ఈ రెండింటి బిగువు సరిగా నున్నంతవరకే వడపోత సాగును. నొప్పి మాత్ర వచ్చు తూమును బిగించును. ఆమె వాడు తరగతికి చెందిన పోటుమాత్ర పోవు తూమును సడలించును. నీటిమాత్ర అసలు కాలువలోని నీటినే తగ్గించును. మూటికి మూడును పరీక్షలలో నెగ్గినవే, కోట్లమందికి మేలుచేసినవే. అయినను మూడును ఒక్క దేహములో కలిసినప్పుడు జల్లెడలపై ఒత్తిడి పడిపోయి మూత్రపిండము చతికిలబడును. నొప్పి మోకాలిది, పోటు నాళములది, దెబ్బ తిన్నది మూత్రపిండము.

ఆనాడు ఆ కాగితముపై చూచిన బొమ్మయే నన్ను ఈ విషయమువైపు లాగినది. ఔషధశాస్త్రమునకు నూరేండ్లకు పైబడి కొరుకుడు పడని ప్రశ్న ఇదియే: అవయవములను విడివిడిగా చూచిన సత్యము చాలదు, నిండు మనిషిపై ప్రయోగించి చూచుట ధర్మము కాదు, ఈ రెంటికిని నడుమ దారి ఏది?

హైదరాబాదులో మత్తుమందు వివాదము

ఈ ప్రశ్న పుట్టినది నిన్న మొన్న కాదు. అందొక ముఖ్యఘట్టము మన హైదరాబాదులోనే నడచినది. 1847లో ఎడింబరోలో జేమ్స్ సింప్సన్ క్లోరోఫారమును మత్తుమందుగా ప్రవేశపెట్టిన మూడు నెలలలోపుననే, 1848 జనవరిలో, హానా గ్రీనర్ అను పదునైదేండ్ల ఇంగ్లీషు బాలిక కాలిగోరు తీయించుకొనుచు ఆ మత్తులోనే మరణించెను. అటుపిమ్మట అట్టి మరణములు అప్పుడప్పుడు సంభవించుచునే వచ్చినవి. క్లోరోఫారము మొదట ఆపునది శ్వాసనా, గుండెనా యన్నది వైద్యలోకమును రెండుగా చీల్చిన వివాదము. ఎడింబరో సంప్రదాయమువారు శ్వాసను కనిపెట్టి యుండిన చాలుననిరి. లండను సంప్రదాయమువారు నాడిని వదలరాదనిరి.

హైదరాబాదులో రెసిడెన్సీ సర్జనుగా నుండిన ఎడ్వర్డ్ లారీ ఎడింబరో శిష్యుడు. ఆయన ప్రేరణపై ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాను పోషణమున 1888లో హైదరాబాదు క్లోరోఫారము సంఘమొకటి ఏర్పడి, కుక్కలపై ప్రయోగములు చేసి, శ్వాసయే ముందుగా ఆగునని తేల్చెను. లండనులోని లాన్సెట్ వైద్యపత్రిక ఆ తీర్పును నమ్మలేదు. అంతట నిజాము వేయి పౌనులిచ్చి, మీ మనిషినే పంపి చూచుకొనుడని ఆహ్వానించెను. 1889లో లాడర్ బ్రంటన్ అను ప్రఖ్యాత ఔషధశాస్త్రజ్ఞుడు సముద్రము దాటి వచ్చెను. రెండవ సంఘము కుక్కలు, కోతులు మున్నగు వందలాది జంతువులపై పరీక్షించి తిరిగి అదే మాట చెప్పెను: శ్వాసను చూచుకొనుడు, హృదయమును గూర్చి భయము వలదు. లారీ శిష్యురాలై హైదరాబాదు వైద్యపాఠశాలలో చదివి, ప్రపంచపు తొలి మత్తువైద్యురాండ్రలో నొకరిగా లెక్కింపబడు రూపాబాయి ఫర్దూన్‌జీ పేరు ఈ కాలముతోనే ముడివడి యున్నది.

ఇంతటి శ్రమకును వ్యయమునకును ఓర్చి చేసిన తీర్పు నిలువలేదు. 1911లో లండనులో గుడ్‌మన్ లీవీ అను వైద్యుడు, తేలికగా క్లోరోఫారమిచ్చిన పిల్లులకు అడ్రినలిను ఎక్కించి, వాని హృదయములు లయ తప్పి గిలగిల కొట్టుకొని ఆగిపోవుటను చూపించెను. భయపడిన రోగి దేహములో మూత్రపిండములపై నుండు చిన్నగ్రంథి ఆ అడ్రినలినునే స్రవించును. క్లోరోఫారముచే సున్నితమైన హృదయము దానికి తాళలేదు. కాలిగోటికై కూర్చుండబెట్టిన బాలిక వంటి భయగ్రస్తులు, మత్తు ఇంకను లోతుగా పట్టని దశలో, హఠాత్తుగా మరణించుటకు కారణము అప్పటికి తెలిసినది. క్లోరోఫారమును కాలేయము విరిచినప్పుడు ఫాస్జీను వంటి విషపదార్థములు పుట్టి, చికిత్స ముగిసిన దినములకు కాలేయమే చెడుటయు క్రమముగా తెలియవచ్చినది.

హైదరాబాదువారు అబద్ధమాడలేదు. వారు చూచినది సత్యమే. కాని వారు హృదయమా, శ్వాసనా యని ఒక అవయవమును దోషిగా నిలుపజూచిరి. దోషము అవయవములో లేదు, అడ్రినలు గ్రంథికిని హృదయమునకును నడుమ రక్తములో పోయిన కబురులో ఉన్నది.

కాలేయము విరిచిన విషము

ఇంచుమించు నూరేండ్ల పిదప అదే పాఠమును లోకము మరియొక మారు నేర్చుకొనవలసి వచ్చినది. 1985లో అమెరికాలో అనుమతి పొందిన టెర్ఫెనడిన్ అను మాత్ర తుమ్ములకును, దద్దురులకును, ముక్కు కారుటకును దివ్యౌషధముగా పేరుపొందెను. పాత మందులవలె నిద్ర తెప్పించెడిది కాదు. నిజమునకు రక్తములో పనిచేయునది టెర్ఫెనడిన్ కాదు. మ్రింగిన మాత్రను కాలేయములోని ఎంజైమొకటి మొదటి దాటులోనే ఫెక్సోఫెనడిన్‌గా మార్చును. మేలు చేయునది ఈ రెండవది. మారని మొదటిది హృదయకణముల విద్యుత్తును తడబరచు గుణము కలది. అయినను కాలేయమను ఎగువ తూము సక్రమముగా పనిచేసినంతకాలము అది హృదయము వరకు దాదాపు చేరనే చేరదు.

అయితే బూజు తెగుళ్లకు వాడు కీటోకోనజోల్, గొంతునొప్పికి వాడు ఎరిత్రోమైసిన్ వంటి మందులు ఆ ఎంజైమునే మూసివేయును. ఎగువ తూము మూతపడగా మారని టెర్ఫెనడిన్ దిగువకు వరదగా పోయి, కొందరి హృదయములు లయతప్పి ప్రాణాంతకమైనవి. 1990లో అట్టి రోగియొక్క వృత్తాంతము వైద్యపత్రికలో వెలువడెను; ఆ దశాబ్దము ముగియులోగా టెర్ఫెనడిన్ అమెరికా విపణినుండి తొలగిపోయెను. కాలేయము తయారుచేసి యిచ్చుచుండిన ఫెక్సోఫెనడినే నేరుగా మాత్రగా వచ్చి, నేటికిని మన మందుల అంగళ్లలో దొరకుచున్నది.

జంతువుల సాక్ష్యమును ప్రతిసారి చాలదు. 1993లో అమెరికాలో కామెర్లు కలిగించు హెపటైటిస్-బి వ్యాధికి ఫియాలురిడిన్ అను మందును పదునైదుగురిపై పరీక్షింపగా, వారిలో ఏడుగురికి కాలేయము దారుణముగా చెడి, అయిదుగురు మరణించిరి. ముందుగా చేసిన జంతుపరీక్షలలో ఆ ముప్పు బయటపడలేదు. ఎలుక కాలేయమును మనిషి కాలేయమును ఒకే మందును ఒకే తీరున విరువవు.

పలకపై మడులు

జంతువు చాలక, గాజుపాత్రలో పెంచిన కణమును చాలక, శాస్త్రజ్ఞులు పట్టిన మూడవ దారి అవయవ చిప్పు. 2010లో హార్వర్డు విశ్వవిద్యాలయపు వీస్ సంస్థలో డాన్ హూ, డొనాల్డ్ ఇంగ్బర్ మున్నగువారు నిర్మించిన ఊపిరితిత్తి చిప్పు ఈ విద్యకు ప్రసిద్ధి తెచ్చినది. వ్రేలంత పారదర్శకమైన సిలికోను రబ్బరుముక్కలో వెంట్రుకవలె సన్నని కాలువలు రెండు. వాని నడుమ సూక్ష్మరంధ్రములు గల పలుచని పొర. పొరకు పైన మనిషి ఊపిరితిత్తి కణములు, వానిపై గాలి. క్రింద రక్తనాళపు కణములు, వానిని ఒరసి పారు పోషకద్రవము. ఇరువైపులనున్న గదులలో గాలిని లాగి విడుచుచుండగా నడిమి పొర సాగి ముడుచుకొనును, అనగా ఊపిరి పీల్చినట్లే. 2012లో అదే బృందము ఇంటర్‌ల్యూకిన్-2 అను క్యాన్సరుమందు వలన ఊపిరితిత్తులలో నీరు చేరుటను ఆ చిప్పుపై కనిపెట్టి, ఊపిరియాట వలననే ఆ ఊట హెచ్చుచున్నదని చూపెను. కదలని గాజుపాత్రలో అది ఎన్నటికిని కనబడెడిది కాదు.

అయినను ఒంటరి చిప్పు ఏకపాత్రాభినయము వంటిది. ధర్మవరము రామకృష్ణమాచార్యులవారును కోలాచలము శ్రీనివాసరావుగారును నాటకమునకు పట్టము గట్టిన ఈ బళ్లారిలో, బళ్లారి రాఘవ నటనను చూచినవారి తరము చెప్పుచుండెడి మాట యొకటి కలదు: ఎదుటిపాత్ర మాటాడుచుండగా రాఘవగారి ముఖమున కదలు భావమే వారి నటనలో గొప్పదట. పద్యమును రాగము తీసి పాడి చప్పట్లు కొట్టించుకొనుటపై వారికి మోజు లేదు. అవయవముల కథయును అంతే. ఎదుటి అవయవము పలికినప్పుడు ఇది ఏమగునో చూడవలెను.

ఆ చూపునకు ముందుగా బాటవేసినవారు కార్నెల్ విశ్వవిద్యాలయపు మైకేల్ షూలర్. ఆయన బృందము 2004 నాటికే కాలేయ, ఊపిరితిత్తి కణములను వేరువేరు మడులలో పెంచి, ఒకే ద్రవమును వాని గుండా త్రిప్పి, నాఫ్తలీనును, అనగా మన బీరువాలలోని కలరా ఉండల సరకును, అందు విడిచి చూచినది. కాలేయమడిలో రూపుమారిన నాఫ్తలీను ప్రవాహమువెంట పోయి ఊపిరితిత్తి మడిని బాధించుటను అట్లు పరిశీలింపగలిగిరి. 2018లో మసాచుసెట్స్ సాంకేతిక సంస్థయందు లిండా గ్రిఫిత్ బృందము పది అవయవముల ప్రతిరూపములను ఒకే వేదికపై కలిపి నాలుగు వారములు నిలిపినది. 2020లో వీస్ సంస్థవారు ప్రేవు, కాలేయము, మూత్రపిండము, హృదయము, ఊపిరితిత్తి, చర్మము, మెదడు, మెదడును కాచు రక్తనాళపు గోడ, ఈ ఎనిమిదింటి చిప్పులను మరయంత్రపు చేతితో కలిపి మూడు వారములు నడపిరి.

టెర్ఫెనడిన్ కథయును పలకపైకి వచ్చినది. 2019లో జేమ్స్ హిక్‌మన్ అను శాస్త్రజ్ఞుని బృందము మనిషి కాలేయ కణములను, కొట్టుకొనుచున్న హృదయకణములను ఒకే ప్రవాహమున నిలిపి ఆ మందును విడిచినప్పుడు, కాలేయము దానిని మార్చుకొలది హృదయముపై దాని దెబ్బ ఎట్లు మారునో కాలక్రమమున కొలువగలిగిరి. రోగుల ప్రాణములిచ్చి నేర్చిన పాఠమును తిరిగి చూపుటకు ఇప్పుడు ఒక పలక చాలుచున్నది. పాఠము ముందే తెలిసిన మందును తిరిగి పరీక్షించుట ఎందుకని అడుగవచ్చును. సమాధానము తెలిసిన లెక్కను సరిగా చేసిన యంత్రమునే తెలియని లెక్కకు నమ్మగలము.

పంపకపు లెక్క

వినుటకు సులువుగా తోచు ఈ విద్యలో అసలు కష్టము పంపకములోనున్నది. మనిషిని లక్షవ వంతునకు కుదించవలెనన్నచో ప్రతి అవయవమును లక్షవ వంతు చేసిన చాలదు. కాలేయము ఒకటిన్నర కిలోల బరువు, హృదయము మూడువందల గ్రాములు. కాని కొలువవలసినది బరువు కాదు. ఏ అవయవములో రక్తమెంతసేపు నిలుచును, అందెంత మందు మారును, ఏ తూమునకు ఎన్ని పాళ్లు పారును అనునవి సరిపోవలెను. కాలేయమడి చిన్నదైనచో మందు మారకయే హృదయమడికి చేరి లేనిపోని ముప్పును చూపును. పెద్దదైనచో ఉన్న ముప్పును కప్పిపుచ్చును. తూములకు క్యూసెక్కుల లెక్క కట్టు నీటిపారుదల ఇంజినీరు ఈ చిక్కును వెంటనే గ్రహించును.

రెండవ చిక్కు ఉమ్మడి నీటిది. కాలేయకణములు కోరు పోషకములు వేరు, ఎముకకణములు కోరునవి వేరు. అన్నిటికిని ఒకే ద్రవము పారించిన ఏదియు సరిగా బ్రతుకదు, దేనిది దానికి పారించిన కలయిక ఉండదు. కొలంబియా విశ్వవిద్యాలయములో గొర్డానా వున్యాక్-నొవాకొవిచ్ బృందము 2022లో దీనికొక ఉపాయము చూపినది. హృదయము, కాలేయము, ఎముక, చర్మము ఈ నాల్గింటిని సూక్ష్మదర్శినికి వాడు గాజుపలకంత చోట నిలిపి, ప్రతి మడికి దాని నీరు దానికే యుంచి, ఉమ్మడి కాలువకును మడికిని నడుమ రక్తనాళ కణముల గోడ యొకటి కట్టిరి. ఆ గోడ కొన్నిటిని పోనిచ్చును, కొన్నిటిని ఆపును. మన దేహములోని ఏర్పాటును అదియే. రోగనిరోధక కణములను సైతము ఆ కాలువలో తిరుగనిచ్చి, డాక్సోరూబిసిన్ అను క్యాన్సరుమందు హృదయమునకు చేయు కీడును వారు ఆ పలకపై పరీక్షించిరి.

స్త్రీ లేని పరీక్ష

2024 నవంబరులో మా ఊరిలోని ఒక ప్రభుత్వాసుపత్రిలో శస్త్రప్రసవములు జరిగిన పిదప కొందరు బాలింతలకు మూత్రపిండములు చెడి, పిమ్మట ఇతర అవయవములును ఒకటొకటిగా కుంటుపడి, అయిదుగురు మరణించిరి. వారికెక్కించిన రింగర్ లాక్టేట్ ద్రావణముపై అనుమానము కలిగి ప్రభుత్వము దాని వాడుకను నిలిపివేసెను. ఇది క్రొత్తమందుల పరీక్షకు సంబంధించిన కథ కాదు. తయారైన ద్రావణపు నాణ్యతకును, దానిని కనిపెట్టు కాపలాకును సంబంధించినది. అవయవ చిప్పు లోకమంతట వ్యాపించియుండినను ఆ అయిదుగురిని అది కాపాడెడిదని చెప్పుట మోసమగును. అయినను "బహుళ అవయవ వైఫల్యము" అను మాట ఆ శీతకాలమున బళ్లారి ప్రతి ఇంటిలోను వినబడినది. ఒక్క అవయవము కూలిన పిదప తక్కినవి దానివెంట ఎందుకు కూలునన్నది పుస్తకములోని ప్రశ్నగా కాక పొరుగింటి ప్రశ్నగా మా ముందు నిలిచినది.

ఆ ప్రశ్న ప్రక్కనే మరియొకటి కలదు. మందులను పరీక్షించు విద్యలో స్త్రీ చిరకాలము లేనేలేదు. గర్భిణులు మ్రింగగా శిశువులకు అంగవైకల్యము కలిగించిన థాలిడోమైడ్ మందు విషాదము మిగిల్చిన భయముతో 1977లో అమెరికా ఆహార ఔషధ సంస్థ గర్భధారణకు అవకాశమున్న స్త్రీలను తొలిదశ పరీక్షలనుండి దూరముంచవలెనని సూచించెను. 1993 వరకు ఆ సూచన తొలగలేదు. రక్షణకై చేసినదే అయినను, స్త్రీదేహమున మందు ఎట్లు తిరుగునన్న జ్ఞానమునకు అది గండి కొట్టినది.

ఆ లోటును పూరించు దిశగా 2017లో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయములో థెరెసా వుడ్‌రఫ్ బృందము ఎవటార్ అను పరికరమును ప్రకటించెను. అండాశయము, అండవాహిక, గర్భాశయము, గర్భాశయద్వారము, వానితోపాటు కాలేయము, ఇన్నింటి కణజాలములు అరచేతియంత అమరికలో ఒకే ప్రవాహముపై నిలిచి, 28 దినముల ఋతుచక్రమునందలి హార్మోనుల హెచ్చుతగ్గులను అనుకరించినవి. అండాశయము మాత్రము ఎలుకది, తక్కినవి మనిషివి. కాలేయమును అందేల చేర్చిరనగా, మందులను మార్చునది అదియే కనుక. గర్భములోని మాయను పోలిన చిప్పులును పిమ్మట వచ్చినవి. తల్లి రక్తమునుండి బిడ్డ రక్తమునకు ఏది దాటును, ఏది ఆగునన్నది వానిపై చూచుదురు. గర్భవతిపై చేయరాని పరీక్షకు ఇది తొలి ప్రత్యామ్నాయము.

మన వాకిట

ఈ విద్యతో మనకు చుట్టరికము లేకపోలేదు. భీమవరములో 1895లో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారి నేతృత్వమున అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పుట్టిన మెథోట్రెక్సేట్ నేటికిని క్యాన్సరునకును కీళ్లవాతమునకును వాడుకలో నున్నది. అది దేహమునుండి వెడలునది ముఖ్యముగా మూత్రపిండముల ద్వారా, అది చెరుపగలది కాలేయమును. కనుకనే దానిని తీసికొనువారికి ఈ రెండు అవయవములకును పదేపదే రక్తపరీక్షలు చేయుదురు. తెలుగువాని మేధ నుండి వచ్చిన ఆ మందునకును అవయవముల నడుమ కాపలా తప్పలేదు.

హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రమునకు అనుబంధమైన అటల్ ఇంక్యుబేషన్ కేంద్రములో మానవ కణాధారిత పరీక్షావిధానములకై ఒక ప్రత్యేక కేంద్రము నెలకొన్నది. అదే నగరమున ఎల్.వి. ప్రసాద్ నేత్రసంస్థ శాస్త్రజ్ఞులు మూలకణములనుండి చిన్నచిన్న కార్నియాలను పెంచిరి. బెంగుళూరున పాండోరం టెక్నాలజీస్ అను సంస్థ 2015లో ముద్రణయంత్రముతో మానవ కాలేయ కణజాలమును నిర్మించినట్లు ప్రకటించినది. లోకమునకు మందులు పంపు హైదరాబాదునకు ఈ విద్య వేడుక కాదు, వృత్తిధర్మము.

చట్టములును కదలినవి. 1937లో అమెరికాలో సల్ఫనిలమైడ్ పానకము నూరుమందికి పైగా బలిగొనిన పిదప, మందు అమ్మకమునకు ముందు దాని క్షేమమును నిరూపింపవలెనని 1938లో చట్టము వచ్చెను. జంతుపరీక్షలు ఆ వెంటనే స్థిరపడినవి. 2022 డిసెంబరులో సంతకము పడిన అమెరికా చట్టము జంతుపరీక్ష తప్పనిసరి యను నియమమును సడలించెను. కొలది నెలలకే, 2023 మార్చిలో, భారతప్రభుత్వము నూతన ఔషధముల నియమావళిని సవరించి, అవయవ చిప్పులు, కణగోళములు, కంప్యూటరు నమూనాలు ఇచ్చు సాక్ష్యమునకును చోటు కల్పించెను. 2025 ఏప్రిలులో అమెరికా ఆహార ఔషధ సంస్థ ప్రతిరక్షక ఔషధముల విషయమున జంతుపరీక్షలను క్రమముగా తగ్గించు ప్రణాళికను వెలువరించెను.

చట్టము వాకిలి తెరచును గాని నమ్మకము లెక్కలవలననే కలుగును. 2022లో ప్రకటితమైన ఒక అధ్యయనమున 870 కాలేయ చిప్పులపై 27 మందులను పరీక్షింపగా, కాలేయమును చెరచునవని అనుభవమున తేలినవానిలో 87 శాతమును చిప్పులు పట్టుకొన్నవి. నిర్దోషియైన మందును దోషిగా ఒక్కదానిని కూడ చూపలేదు. ఇది ఒక్క అవయవపు లెక్క. అవయవములను కలిపిన చిప్పులకు ఇట్టి విస్తృతమైన పరీక్ష ఇంకను జరుగవలసియున్నది.

చేతగాని పనులు

గొప్పలు చెప్పునప్పుడు కొరతలును చెప్పుట న్యాయము. చిప్పు చేయు సిలికోను రబ్బరే కొన్ని మందులను పీల్చుకొనును. కాలువ గట్టే నీరు త్రాగినచో దిగువకు చేరినదెంతయో ఎవరు చెప్పగలరు? మూలకణములనుండి పెంచిన హృదయకణములు పుట్టని శిశువు కణములవలె లేతవి. డెబ్బది ఏండ్ల గుండె బరువును అవి ఎరుగవు. పలకపై తిరుగు ద్రవము బొట్లలో నుండును. పరీక్షకై ఒక బొట్టు తీసిన కాలువయే ఎండును. వారముల తరబడి నిలుచు పలక ఏండ్ల తరబడి మ్రింగు మాత్రల కథను చెప్పజాలదు. ఎండలో పనిచేసి చాలినంత నీరు త్రాగని బళ్లారి గని కూలీ దేహమును, మధుమేహముతో సగము అలసిన మూత్రపిండమును, ఏ పలకయు ఇంకను ఎరుగదు. కావున జంతువులపై పరీక్ష రేపటికే అంతమగునని ఎవరైనను చెప్పిన అది తొందరపాటే.

అయినను ప్రశ్న మారినది, అదియే పెద్దమేలు. ఈ మందు కాలేయమునకు మంచిదా, హృదయమునకు మంచిదా యని వేరువేరుగా అడుగుచుండినవారు, కాలేయము దానిని ఏమి చేసి హృదయమునకు పంపుచున్నదని అడుగుచున్నారు. 1889లో హైదరాబాదులో ఇట్టి ప్రశ్న అడిగియుండిన, ఆ వందలాది మూగజీవముల సాక్ష్యము మరియొక విధముగా చదువబడి యుండెడిది.

మా పెద్దమ్మ కథను ముగించెదను. వైద్యుడు నొప్పి మాత్రను మాన్పించెను. నీటిమాత్రను కొన్నాళ్లు ఆపెను. మోకాళ్లకు పూతమందును, మెట్లు దిగవలదను ఆజ్ఞయును ఇచ్చెను. మూడు వారముల పిదప నెత్తురు పరీక్షలో, మూత్రపిండముల పనికి కొలతయైన క్రియాటినిను దిగివచ్చినది. అప్పటినుండి ఆమె అలవాటొకటి మార్చుకొన్నది. మునుపు పోటుమాత్రలు దేవుని గూటిలోను, నీటిమాత్రలు తలగడ క్రిందను, నొప్పి మాత్రలు కొంగుముడిలోను ఉండెడివి. ఇప్పుడు అన్నియు ఒకే గుడ్డసంచిలో నుండును. ఏ వైద్యునికడకు పోయినను, కంటికైనను పంటికైనను, ముందుగా ఆ సంచిని బల్లపై బోర్లించి, "అన్నీ ఒకే కడుపులోకి పోయేవే గదప్పా, ఒకేసారి చూడు" అనును.